ఏమీ దొరకని మెదడు, ఒక బీగాల గుత్తి

రిటైరై కడపలో స్థిరపడ్డాక, కొత్తగా డాక్టర్లయిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "సార్, మీ సర్వీసులో మరిచిపోలేని పేషెంటు ఎవరు?" అని అడుగుతారు. మర్యాదకు అడుగుతారని తెలుసు. అయినా ఆ ప్రశ్న వినగానే నేను నీళ్ళు నములుతాను. నా సర్వీసు మొత్తంలో నా దగ్గరికి పేషెంట్లు రాలేదు, వాళ్ళ తలలు వచ్చాయి. తలలు కూడా కాదు, తలలోని సరుకు. మూత ఉన్న ప్లాస్టిక్ బకెట్లో, ఫార్మలిన్‌లో మునిగి, పైన ఒక నంబరు అంటించుకుని వచ్చేది. నొప్పి ఎక్కడో చెప్పేది కాదు. "ఈ డాక్టరు హస్తవాసి మంచిది" అని ఊళ్ళో ప్రచారం చేసేది అంతకన్నా కాదు.

న్యూరోపెథాలజిస్టు అన్న మాటను తెలుగులో ఎట్లా చెప్పాలో నాకు ఇప్పటికీ తెలీదు. చదువు ముగిసిన కొత్తలో మా మేనత్త, "నరాల డాక్టరువా? నా కాలు తిమ్మిరెక్కుతాండాది, చూడు నాయనా" అని కాలు చాపింది. "అది కాదత్తా, నేను చనిపోయినోళ్ళ మెదళ్ళు చూస్తాను" అన్నాను. ఆమె నెమ్మదిగా కాలు ముడుచుకుని, "అట్లయితే ఇంకొన్నాళ్ళు తాళుతాలే" అంది.

నేను పనిచేసింది కర్నూల్లో, ఒక వైద్య కాలేజీలో. పని ఎట్లాంటిదో రెండు ముక్కల్లో చెప్తాను, తర్వాత కథకు పనికొస్తుంది. మెదడు చాలా మెత్తన. పచ్చిగా కోస్తే గడ్డపెరుగులో గరిటె పెట్టినట్టే. అందుకని అడుగునుండే రక్తనాళం కింద దారం దూర్చి, ఆ దారాన్ని బకెట్ పిడికి కట్టి, ఫార్మలిన్‌లో తలకిందులుగా వేలాడదీస్తాం. బకెట్ అడుగు తగిలితే ఆ వైపు చపాతీ అవుతుంది. అట్లా వారాల తరబడి ఊరితేగానీ కోతకు రాదు. ఈలోగా పోలీసులు ఫోన్ చేస్తారు, వకీళ్ళు ఫోన్ చేస్తారు. "ఇంకా ఊరుతోంది" అంటాను. "మెదడా సార్, ఆవకాయా?" అని ఒక ఎస్సై అడిగాడు. ఆ ఎస్సై ఈ కథలో మళ్ళీ వస్తాడు.

శవపరీక్ష విభాగానికి పెద్ద అయిన మేడమ్‌దీ, నాదీ ఒకే బ్యాచ్. ఆమె అచ్చమైన కడప మనిషి, మాట పదును. మెడ దాకా ఆమె రాజ్యం, మెడ పైన నాది. నన్ను "బకెట్ల సామీ" అని పిలిచేది. "మెదడూ మెదలదు, నువ్వూ మెదలవు. జోడీ బాగా కుదిరిందప్పా" అనేది. నిజమే. నా ఓపిక నాకు పుట్టుకతో రాలేదు, ఫార్మలిన్ నేర్పింది.

ఇక నా పరిశోధన. ఉద్యోగంలో చేరిన కొత్తలోనే నన్ను ఒక రకం తలలు పట్టుకున్నాయి. వయసులో ఉన్న మనిషి. మూర్ఛ, అదే మనం ఫిట్లంటామే, ఆ జబ్బు తప్ప ఇంకేమీ లేదు. పడుకుంటాడు, తెల్లారి లేవడు. నీళ్ళలో పడలేదు, దెబ్బ తగల్లేదు. గుండె బాగుంటుంది. ఊపిరితిత్తులు కాస్త బరువు తూగుతాయి. మెదడు కోసి చూస్తే, ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పే గుర్తు ఒక్కటీ ఉండదు. పెద్ద ఫిట్ వచ్చి పోయాక మెదడు కాసేపు ఆరిపోయినట్టవుతుందని, ఊపిరి తీసుకోమనే ఆజ్ఞ అందక శ్వాస, దాని వెనకే గుండె ఆగిపోతాయని ఇప్పుడు అనుకుంటున్నాం. అందరికీ జరగదు. ఎవరికి జరుగుతుందో ముందుగా చెప్పడం కష్టం. దీనికి ఇంగ్లీషులో ఒక పొట్టి పేరుంది, సూడెప్. మొదటిసారి విన్నప్పుడు నాకది మన సీమ మాట మాదిరే తోచింది. సూడప్పా! సూస్తానే ఉండు, ఏమీ కనపడదు.

అట్లా ఏమీ కనపడని తలల్ని ఒక అరలో పేర్చుకుంటూ పోయాను. మా అటెండర్లు దాన్ని సున్నాల అర అనేవాళ్ళు. ఒకసారి ధైర్యం చేసి ఒక పత్రికకు వ్యాసం పంపితే, ఇంతకీ ఏం కనుక్కున్నారని అడిగారు. ఏమీ లేదని కనుక్కున్నానని రాశాను. అయితే అచ్చు వేయడానికి కూడా ఏమీ లేదన్నారు. న్యాయమే.

నేనిచ్చే అభిప్రాయాలన్నీ ఒకే ముక్కతో ముగిసేవి: "ఖచ్చితంగా చెప్పలేం." పీజీ పిల్లలు క్యాంటీన్లో దోసె తింటూ, "ఉప్పు సరిపోయిందా?" అని ఒకరంటే "ఖచ్చితంగా చెప్పలేం" అని ఇంకొకరు నా గొంతుతో అనేవాళ్ళు. నేను పక్క బల్ల మీద కూర్చున్నప్పుడు కూడా.

సరే, అసలు సంగతికి వస్తాను. రిటైరవడానికి కొంచెం ముందు జరిగింది.

కోడుమూరు దగ్గర ఒక పల్లెలో ఉల్లి పండించే యువకుడు పొద్దున మంచం మీద చనిపోయి కనిపించాడు. బోర్లా పడున్నాడు, మొహం దిండులో కూరుకుపోయి. పక్కన పడుకున్నది భార్య. ఆమె లేచి, చీకట్లోనే పొయ్యి వెలిగించే పనిలో పడింది. కొడుకును లేపడానికి వెళ్ళింది తల్లి. ముందురోజు సాయంత్రం మొగుడూ పెళ్ళాలు గట్టిగా కొట్లాడుకున్నారని వీధంతా విన్నది. దేని గురించో వీధికి వినపడలేదు, అరుపులే వినపడ్డాయి. మధ్యాహ్నానికల్లా ఊరు తీర్పు చెప్పేసింది: దిండు మొహం మీద పెట్టి అదిమి చంపింది. తల్లి పోలీస్ స్టేషన్లో అదే మాట చెప్పింది.

భార్య చెప్పింది వేరు. ఆయనకు నిద్రలో ఫిట్లు వస్తాయి, పెళ్ళయ్యాకే తనకు తెలిసింది, మొన్న మొన్నటిదాకా మాత్రలు మింగేవాడు, ఈ మధ్య మానేశాడు, ఎందుకని అడిగితే నవ్వేవాడు, ఆ సాయంత్రం కొట్లాట కూడా దాని గురించే. తల్లిని అడిగితే, "నా కొడుక్కి ఫిట్లా? రాయి మాదిరి ఉండె! అవి గ్యాస్ మాత్రలు" అంది.

మా మేడమ్ శవపరీక్ష చేసింది. నాలుక పక్కన కొరికిన గాటు ఉంది. ఫిట్‌లో నాలుక కొరుక్కుంటారు. దిండు పెట్టి అదిమినా కొరుక్కోవచ్చు. లోపలి అవయవాలు పరీక్షకు వెళ్ళాయి. విషం లేదని వచ్చింది, ఫిట్ల మందు జాడ కూడా లేదని వచ్చింది. మెదడు నా బకెట్లోకి వచ్చింది.

ఎస్సై వారానికోసారి తప్పకుండా వచ్చి బకెట్ మూత వైపు చూసిపోయేవాడు. ఆదోని వైపు మనిషి, కుర్రవాడు, చెడ్డవాడు కాదు. పైనుంచి అధికారి ఒత్తిడి, కిందనుంచి ఊరి పెద్దల ఒత్తిడి. మెదడు కోసిన రోజు నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఏమన్నా దొరికిందా సార్?"

"ఒక మచ్చ దొరికింది" అన్నాను. చెవికి లోపలివైపు, మెదడు అడుగున, సముద్రపు గుర్రం తోకలా ముడుచుకునే చిన్న భాగం ఒకటుంటుంది. అది ఎడమవైపు కుంచించుకుపోయి గట్టిపడి ఉంది. ఫిట్లు ఉన్నవాళ్ళలో తరచూ కనిపించే మార్పు.

అతని మొహం వెలిగింది. "అయితే ఆ పిల్ల చెప్పింది నిజమే!"

"ఉండొచ్చు. ఇది పాత మచ్చ. ఎప్పుడో నిప్పు రాజుకుందని చెప్తుంది. ఇల్లు కాల్చింది ఆ నిప్పేనని చెప్పదు. దిండు పెట్టి అదిమినా మెదడు చూడ్డానికి ఇట్లాగే ఉంటుంది."

"అంటే?"

"ఖచ్చితంగా చెప్పలేం."

ఎస్సై టోపీ తీసి నా బల్ల మీద పెట్టాడు. "సార్, మీరు మెదళ్ళు చూస్తారు, నేను మనుషుల్ని చూడాల. ఆ పిల్లను జైల్లో పెట్టాల్నా, ఇంటికి పంపాల్నా? అది కూడా చెప్పలేమా?"

బకెట్ మీది నంబరు వెనుక ఒక ఆడపిల్ల నిలబడి ఉందని, నా 'చెప్పలేం' ఆమెను ఊపిరాడకుండా చేస్తోందని నాకు అప్పుడే తట్టింది.

"నాకు కథ కావాలి" అన్నాను.

"కథలు మా స్టేషన్లో శానా ఉండాయి సార్."

"అది కాదయ్యా. డాక్టర్లు పేషెంటు కథ అంటారే, అది. ఈ మనిషికి ఫిట్లు ఉండేవని ఇంకొకరు చెప్తే చాలు, ఈ మచ్చ, ఈ నాలుక, ఈ దొరకని కారణం అన్నీ ఒక వరసలోకి వస్తాయి. ఉండేవి కావంటే మాత్రం నేనేం రాసినా నిలబడదు. అత్తాకోడళ్ళిద్దర్నీ ఇక్కడికి తీసుకురా. నేనే అడుగుతాను."

సర్వీసులో మొదటిసారి ఒక పేషెంటు తరఫువాళ్ళను పిలిపించుకుంటున్నాను. వాళ్ళని ఎక్కడ కూర్చోబెట్టాలో తెలియక తలపట్టుకున్నాను. మా విభాగంలో కుర్చీలుండే పెద్ద గది ఒకటే, మ్యూజియం. నాలుగు గోడల నిండా గాజు సీసాలు, వాటిల్లో మేము దశాబ్దాలుగా దాచినవి. ఆ రోజు బయట ముసురు పట్టి ఉంది, వరండాలో కూర్చోబెట్టే వీల్లేదు. మేడమ్ వచ్చి చూసి, "బాగుందప్పా నీ డ్రాయింగ్ రూమ్" అంది.

రెండు ఆటోల్లో వచ్చారు. ఒక ఆటోలో తల్లి, ఆమె కూతురు. చనిపోయినతనికి చెల్లెలు ఆ పిల్ల. డిగ్రీ అయింది, సంబంధం కుదిరి ఉంది. ఇంకో ఆటోలో కోడలు, పుట్టింటి నుంచి. ఆమె వెంట తండ్రి వచ్చి వరండా బయటే ఆగిపోయాడు. అత్తాకోడళ్ళు ఒకరినొకరు చూసుకోలేదు. తల్లికి యాభై దాటి ఉంటాయి. బొడ్లో బీగాల గుత్తి దోపుకుని ఉంది. తాళాల్ని మా వైపు బీగాలంటాం. పెద్ద ఇనుప గుత్తి, నడిస్తే చప్పుడయ్యేది.

ఆమె గోడల వైపు ఒకసారి చుట్టూ చూసింది. తర్వాత నన్నడిగింది.

"ఈటిల్లో నా కొడుకుది యాది సామీ?"

ఇన్నేళ్ళలో ఆ ప్రశ్న నన్నెవరూ అడగలేదు. "ఈ గదిలో లేదమ్మా" అన్నాను. అది నిజం. పక్క గదిలో ఉంది.

మేడమే మొదలుపెట్టింది. పుట్టుక, చిన్నప్పటి జ్వరాలు, దెబ్బలు. తల్లి అన్నిటికీ జవాబు చెప్పింది. పసితనంలో పెద్ద జ్వరమొచ్చి కళ్ళు తేలేశాడని కూడా చెప్పింది. తరచూ అట్లాంటి జ్వరమే వేసిపోయే ఆ ఎడమవైపు మచ్చ నా కళ్ళ ముందు మెదిలింది.

"తర్వాత ఎప్పుడైనా ఫిట్లు?" అన్నాను.

"లేవు."

"నిద్రలో కొట్టుకోవడం, పక్క తడపడం?"

"లేవంటాండా కదా సామీ! మా ఇంట్ల ఎవురికీ అట్లాంటి రోగాలు లేవు. ఇది కట్టుకున్నోన్ని చంపి కతలు చెప్తాండాది."

కోడలు తల ఎత్తింది. "నేను చంపలే అత్తా. నీకూ ఎరికే."

"నాకేం ఎరికె! ఆ పొద్దు ఎవురు కొట్లాడిరి? ఎవురు పక్కన పండుకున్నిరి?"

"మాత్రలు మింగమని కొట్లాడితి. అది తప్పా?"

గొంతులు పెరిగాయి. ఎస్సై చెయ్యెత్తాడు. సరిగ్గా అప్పుడు నా కళ్ళు ఆ చెల్లెలి మీద పడ్డాయి. ఇంతసేపూ తలొంచుకుని కూర్చున్న పిల్ల ఇప్పుడు ఎదురుగా ఉన్న సీసా వైపు రెప్పవాల్చకుండా చూస్తోంది. సీసాకు భయపడిందేమో అనుకున్నాను. పెదాలు ఏదో నములుతున్నట్టు కదులుతున్నాయి. కుడి చెయ్యి చున్నీ అంచును పీకుతోంది, వదులుతోంది, పీకుతోంది. డాక్టరు పిల్లలూ, ఫిట్ మొదలయ్యే ఈ గుర్తుల గురించి నేను మీకు మూడు గంటలు పాఠం చెప్పగలను. కళ్ళెదుట జరుగుతుంటే గుర్తుపట్టలేదు. నేను చూసిన మెదళ్ళేవీ చున్నీ పీకలేదు మరి.

పిల్ల ఒక్క కేక వేసి, కొయ్యబారి, కుర్చీలోంచి కిందికి జారిపోయింది. ఒళ్ళంతా కొట్టుకోవడం మొదలైంది.

"డాక్టర్ని పిలవండి! ఎవరన్నా డాక్టర్ని పిలవండి!"

అట్లా అరిచింది నేనే.

"మనం డాక్టర్లమేనప్పా!" అని మేడమ్ కుర్చీలోంచి లేచింది. లేచిందేగానీ ఆమె కూడా ఒక క్షణం నిలబడిపోయింది. బతికున్న మనిషిని ముట్టుకుని మా ఇద్దరికీ ఎన్నేళ్ళయిందో.

మా కంటే ముందు కదిలింది తల్లి. బొడ్లోంచి బీగాల గుత్తి లాగింది. మోకాళ్ళ మీద కూలబడి, బిగుసుకుపోయిన కూతురి వేళ్ళు విడదీసి, గుత్తి అరచేతిలో పెట్టి, తన చేత్తో గట్టిగా మూసింది. తడుముకోలేదు, వెతుక్కోలేదు. ఆ చెయ్యికి ఆ పని కొట్టిన పిండి.

కోడలు కుర్చీలు తోసుకుంటూ వచ్చింది. "అత్తా! మళ్ళా బీగాలేనా! పక్కకు తిప్పు ముందు!" అంటూ పిల్ల భుజం పట్టి తన వైపు తిప్పుకుంది. తల కింద తన కొంగు మడిచి పెట్టింది. మేడమ్ తేరుకుని అటుపక్క కూర్చుని, మెడ దగ్గర బిగువు సడలించి, నాడి పట్టుకుంది. నేను చేసిన వైద్యం ఒక్కటే, కాళ్ళకు తగలకుండా సీసాల బల్లను వెనక్కి లాగడం. ఎస్సై నాకు సాయం పట్టాడు.

కాసేపటికి కొట్టుకోవడం తగ్గింది. పిల్ల గురక పెడుతూ నిద్రలోకి జారింది. గదిలో ముసురు చప్పుడు మాత్రం వినిపిస్తోంది.

తల్లి మమ్మల్నందర్నీ చూసింది. "ఎండదెబ్బ సామీ" అంది.

కర్నూల్లో ఎండదెబ్బ అనే సాకు ఏడాదిలో చాలా నెలలు చెల్లుతుంది. ఆ రోజు మాత్రం చెల్లలేదు. ఎస్సై కిటికీ వైపు చూశాడు. "వాన పడతాండాది పెద్దమ్మా" అన్నాడు. ఆ తర్వాత, పోలీసు గొంతుతో కాకుండా, "మా చిన్నాయనకు కూడా మా అవ్వ ఇట్లనే బీగాలు పెడతాండె. ఎండదెబ్బకు కాదు" అన్నాడు.

తల్లి ఉన్నచోటే గోడకు చేరగిలబడింది. నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

"వాడు ఎట్లాగూ పాయె. మళ్ళా వస్తాడా? ఇది ఉండాది కదా సామీ. అన్నకు ఫిట్లంటే చెల్లెలిని కూడా సూస్తారు. సూస్తే తెలుస్తాది. తెలిస్తే దీన్ని ఎవురు చేసుకుంటారు?"

అప్పుడు కోడలన్న మాట నాకిప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తు.

"అదేదో నాతో చెప్పింటే నేను గూడా నోరు మూసుకుంటాంటి కదత్తా."

మూసుకునేదే. జైలుకు పోయి కూడా మూసుకునేదే. నిజం కోసం జీవితమంతా మెదళ్ళు తరిగినవాణ్ణి, ఆ మాట దగ్గర నిజం గెలిచిందని సంబరపడాలో, ఆ ఇద్దరి ముందు తల దించుకోవాలో తేల్చుకోలేకపోయాను.

పిల్లను స్ట్రెచర్ మీద పక్క బ్లాకుకు పంపాం, ఊపిరి పీల్చేవాళ్ళను చూసే డాక్టర్ల దగ్గరికి. కోడలు, మేడమ్ వెంట వెళ్ళారు. కొడుక్కి చిన్నప్పటి నుంచీ ఫిట్లు ఉండేవని తల్లి చెప్పగా ఎస్సై విని, ఇంకోసారి చెప్పించి, రాసుకున్నాడు. ఆ తర్వాత ఆమె కూడా కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. నేను బల్ల ముందు కూర్చుని నా అభిప్రాయం రాశాను. మనిషికి చిన్నప్పటి నుంచి మూర్ఛ ఉందని, మందులు ఆగిపోయాయని, గాయంగానీ విషంగానీ లేదని, బలవంతంగా ఊపిరి ఆపిన గుర్తులేవీ లేవని, ఇది బహుశా మూర్ఛ ఉన్నవాళ్ళలో హఠాత్తుగా వచ్చే మరణమని. నా ఉద్యోగ జీవితంలో నేను రాసిన అన్నిటికన్నా ధైర్యమైన వాక్యం అది. అందులోనూ ఒక 'బహుశా' ఉంది. ఎస్సై ఆ 'బహుశా' మీద వేలు పెట్టి చూశాడు. "పర్వాలేదు సార్, మీ వరకు ఇది శానా ఎక్కువ" అని కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. ఆ కోడలి మీద కేసు నిలబడలేదు.

అతను వెళ్ళాక చూస్తే నేల మీద బీగాల గుత్తి పడుంది.

తీసి చేతిలో పట్టుకున్నాను. బరువుగా, చల్లగా ఉంది. ఎన్ని ఫిట్లలో ఎన్నిసార్లు ఈ ఇనుము ఆ అన్నాచెల్లెళ్ళ చేతుల్లో పడి ఉంటుందో అనుకున్నాను. కళ్ళజోడు సవరించుకుని, ఒక తల్లి ఇవాళ తన మూఢనమ్మకాన్ని నా మ్యూజియంలో వదిలేసి వెళ్ళిందని, దీని మీద ఒక మంచి వ్యాసం రాయొచ్చని, ఇది ఏ పత్రికా తిప్పి పంపదని, చాలా దూరం ఆలోచించాను. మేడమ్ తిరిగొచ్చి నన్ను చూసింది.

"ఏమప్పా, దాన్ని కూడా ఫార్మలిన్‌లో వేస్తావా?"

వెనకాలే గుమ్మంలో ఆ తల్లి నిలబడి ఉంది.

"బీగాలు మర్చిపోతి సామీ. ఇంటికి బీగం ఏసొచ్చినాం."

నా వ్యాసం అక్కడితో సమాప్తం. గుత్తి ఇచ్చాను. తీసుకుంది గానీ కదల్లేదు. మేడమ్ ఏదో పని ఉన్నట్టు పక్క గదిలోకి తప్పుకుంది.

"మాత్రలు మాన్పించింది నేనే సామీ" అంది. గొంతు తగ్గించి, గోడలకున్న సీసాలు వింటాయేమో అన్నట్టు. "నాటుమందు ఇచ్చేటాయన చెప్పె, ఇంగ్లీషు మాత్రలు ఆపితేనే తన మందు పని చేస్తాదని. పెండ్లాంతో చెప్పొద్దురా అంటి. వాడు చెప్పలే. మంచోడు." గుత్తిలో ఒక్కో బీగం చెవిని వేలితో జరుపుతోంది. "దానివల్లనేనా పాయింది?"

పిల్లలూ, పుస్తకం ఏం చెప్తుందో మీకు తెలుసు. మందులు హఠాత్తుగా ఆపితే ఫిట్లు పెరుగుతాయి, ఫిట్లు పెరిగితే ఈ చావు ముప్పూ పెరుగుతుంది. అది లక్షమంది గురించి చెప్పే మాట. ఆమె అడిగింది ఒక్క మనిషి గురించి, ఒక్క రాత్రి గురించి. మందులు మింగుతూ పోయినవాళ్ళూ నా సున్నాల అరలో ఉన్నారు. మానేసి ఇప్పటికీ ఉల్లి పండించుకుంటున్నవాళ్ళూ కోడుమూరు చుట్టుపక్కల ఉంటారు.

"ఖచ్చితంగా చెప్పలేమమ్మా" అన్నాను.

నన్ను చూసి నవ్వడానికి మాత్రమే పనికొచ్చిందనుకున్న మాట. నిజానికి అంతకన్నా నిజమైనది నా దగ్గర ఇంకొకటి లేదు. అంతకన్నా మెత్తనిది కూడా లేదు.

"కానీ ఒకటి ఖచ్చితంగా చెప్తా" అన్నాను. "ఈ పాపకు డాక్టర్లు ఇచ్చే మాత్రలు ఒక్క పూట కూడా ఆపొద్దు. ఎవరు చెప్పినా. రాత్రిపూట ఒంటరిగా పడుకోనీయొద్దు. ఫిట్ వస్తే పక్కకు తిప్పి, పూర్తిగా తెలివొచ్చేదాకా దగ్గరే ఉండాలి. చేసుకునేవాళ్ళకు ముందే చెప్పండి. మీ కోడలికి చెప్పనట్టు చేయొద్దు."

ఆఖరి మాట దగ్గర గుమ్మం వైపు చూసింది. ముందు చెప్పినవాటిని మాత్రం వేళ్ళ మీద వేసుకుంటున్నట్టు బీగాలు జరిపింది.

"నాకు నిద్ర మొద్దు సామీ. పండుకుంటే తెలీదు. వాడు కొట్టుకునేటప్పుడు కూడా ఆయమ్మే, మా కోడలే లేస్తాండె." ఆగింది. "పాప పక్కన ఆయమ్మి పండుకుంటే..." కొడుకు పక్కన పడుకుని చంపిందని స్టేషన్లో చెప్పిన మనిషి, ఇప్పుడు కూతురి పక్కన పడుకోబెట్టడానికి ఆమె పేరే తలుచుకుంటోంది. అందులో వింత ఉందని ఆమెకు తోచినట్టు లేదు. భయమే ఉంది. "పిలిస్తే వస్తాదంటావా సామీ?"

"అది కూడా చెప్పలేనమ్మా. అడిగి చూడండి."

బీగాలు బొడ్లో దోపుకుని వెళ్ళిపోయింది.

సాయంత్రం ముసురు తగ్గింది. కిటికీలోంచి చూశాను. ఆ పిల్లకు ఇంకా మత్తు వదల్లేదు, కోడలి భుజం మీద తల వాల్చి మెట్లు దిగుతోంది. తల్లి నాలుగడుగులు వెనకాల వస్తోంది. మెట్ల కింద కోడలి తండ్రి ఆటో దగ్గర నిలబడి ఉన్నాడు. తల్లి ముందుకొచ్చి కోడలితో ఏదో అంది. చాలాసేపు నిలబడ్డారు. ఆ ముగ్గురూ, పక్కన తువ్వాలు భుజాన వేసుకున్న ఆ తండ్రీ. చివరికి కోడలు తండ్రి వైపు చూసి తల ఊపి, పిల్లను ఆటో లోపలికి ఎక్కించి, తనూ ఎక్కింది. తల్లి ఎక్కింది. తండ్రి డ్రైవరు పక్కన ఇరుక్కున్నాడు. రెండు ఆటోల్లో వచ్చినవాళ్ళు ఒక ఆటోలో వెళ్ళారు.

మేడమ్ నా పక్కకొచ్చి నిలబడింది. "ఇదొక్కటన్నా కథ ఉన్న తల దొరికిందప్పా నీకు" అంది. ఆ తర్వాత అడిగింది, "ఆ కోడలు అత్తింట్లో దిగుతాదంటావా, పుట్టింటికి పోతాదంటావా?"

కోడుమూరు దారిలో ఎవరి ఊరు ముందు వస్తుందో నాకు తెలీదు. ఆటో గేటు దాటి మలుపు తిరిగింది. నా పరిశోధన కన్ను అక్కడిదాకానే చూడగలదు. అందుకే నా సర్వీసులో మరిచిపోలేని పేషెంటు ఎవరని మీరడిగితే, ఆ ఒక్క రోజు ఊపిరి పీలుస్తూ నా గది దాటి వెళ్ళిన ఆ చెల్లెలే అని చెప్తాను. ఆమె పక్కన ఆ రాత్రి ఎవరు పడుకున్నారంటే మాత్రం, ఖచ్చితంగా చెప్పలేను.